వేరులోనికి రానిచ్చేది మొక్కే



నెల్లూరు కోస్తాలో సముద్రపు ఒడ్డున బయలుదేరి పడమరగా నడిచి రండి. మొదట సరుగుడు తోపులు కనిపిస్తవి. సరివి తోటలని కూడా కొందరంటారు. తోపులు దాటగానే ఇసుక నేలల్లో వేరుశనగ ఉంటుంది. దొరువు నీళ్లతోనో, బోరు నీళ్లతోనో తడిపి పండించే చెనక్కాయ అది. ఇంకా లోపలికి వస్తే పెన్న ఆయకట్టు, వరి మాగాణి. మూడూ మన పైర్లే, మూడూ మనకు కూడు పెట్టేవే. కాని వేళ్లు తవ్వి చూస్తే ఒక భేదమున్నది. సరుగుడు వేరుకు బుడిపెలుంటవి. వేరుశనగ వేరుకు బుడిపెలుంటవి. వరి వేరుకు ఉండవు. యూరియా బస్తాలను మనం ఎక్కువగా మోసేది ఆ మూడవదానికే.

ఇది ఎందుకిలా జరిగిందో ఈ పూట చెప్పుకుందాము. ఇందులో తెలిసి ఊరుకునే సంగతులు కొన్ని, రేపటి విత్తనం పనికి అక్కరకు వచ్చే సంగతులు మరికొన్ని ఉన్నవి.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. అయినా ఏ మొక్కా దానిని నేరుగా తినలేదు. ఆ నత్రజనిలో రెండేసి పరమాణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటవి. వాటిని విడదీయడానికి ఎరువుల కర్మాగారంలో గొప్ప వేడిమీ, గొప్ప ఒత్తిడీ కావలె. అదే పనిని మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు, మన పొలంలో ఉన్న వేడిమిలోనే, చప్పుడు లేకుండా చేసిపెడుతున్నవి. 1888లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు బైజరింక్ వేరు బుడిపెలలోనుంచి ఆ జీవులను వేరుచేసి పెంచి చూపినాడు. రైజోబియం అన్న పేరు మీరందరూ విన్నదే. నాటినుంచి మనం చెప్పుకున్నదంతా ఆ జీవిని గురించే. పొట్లం తెచ్చుకోండి, విత్తనానికి పట్టించండి అని ఎన్నో ప్రసంగాలు జరిగినవి. ఇంటికి వచ్చిన అతిథి సంగతి అంతగా చెప్పుకొని, ఇంటి యజమాని సంగతి విడిచిపెట్టినట్లున్నది. యజమాని మొక్క. లోపలికి ఎవరిని రానివ్వాలి, ఎందరిని రానివ్వాలి, ఎప్పుడు తలుపు వేయాలి అన్నది మొక్క తన విత్తనంలో తెచ్చుకున్న జన్యువులనుబట్టి ఉంటుంది.

దీనికి నిదర్శనం మన తెలుగునేల మీదే దొరికినది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో 1972లో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ, అంటే ఇక్రిశాట్, నెలకొన్నది. అక్కడ వేరుశనగలో రెండు రకాలను సంకరం చేసినారు. తల్లికీ తండ్రికీ కూడా బుడిపెలు బాగానే ఉన్నవి. మొదటి తరం బిడ్డలూ బాగున్నవి. ఆ బిడ్డల బిడ్డలను పొలంలో వేసి చూస్తే పచ్చని చాళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పాలిపోయి, పసుపుబారిన మొక్కలు కనిపించినవి. పెరికి చూస్తే వేరు నున్నగా ఉన్నది. ఒక్క బుడిపె లేదు. లెక్క వేస్తే సుమారు పదహారు మొక్కలకు ఒకటి అట్లా వచ్చినది. 1980 ప్రాంతంలో ఈ సంగతిని ప్రకటించినారు.

ఆ పదహారింట ఒకటి అన్న లెక్కలోనే కిటుకంతా ఉన్నది. మనం పండించే వేరుశనగ రెండు అడవి జాతుల కలయికవల్ల పుట్టినది. అందువలన బుడిపెకు కావలసిన జన్యువు దానిలో రెండు చోట్ల, రెండు నకళ్లుగా ఉన్నది. ఇంటి దస్తావేజుకు నకలు తీసి వేరే పెట్టెలో దాచుకున్నట్లు అనుకోండి. ఒకటి చెడినా రెండవది పని నడుపుతుంది. తల్లి రకంలో ఒక నకలు చెడి ఉన్నది, తండ్రి రకంలో రెండవది చెడి ఉన్నది. మనుమల తరంలో నాలుగింట ఒకదానికి మొదటి నకలు పూర్తిగా పోతుంది, నాలుగింట ఒకదానికి రెండవది పోతుంది. రెండూ పోయినవి నాలుగు నాలుగుల పదహారింట ఒకటి. అదే నేల, అదే నీరు, మట్టిలో అవే సూక్ష్మజీవులు. పక్క మొక్కకు పట్టిన బుడిపె దీనికి పట్టలేదంటే లోపం మట్టిలోది కాదు, విత్తనంలోది. ఆ పసుపు మొక్కలను పారేయలేదు సుమండీ. బుడిపెలున్న రకం గాలినుంచి ఎంత నత్రజని తీసినదో కొలవడానికి వాటిని పక్కన వేసి త్రాసులో రాయివలె వాడుకున్నారు.

ఇప్పుడు ఆ జన్యువులు చేసే పని ఏమిటో చూద్దాము. మట్టిలో నత్రజని చాలకపోతే వేరు కొన్ని పదార్థాలను బయటికి వదులుతుంది. ఆ వాసన తగిలిన సూక్ష్మజీవి తనదైన ఒక సంకేత పదార్థాన్ని తిరిగి పంపుతుంది. దాని నిర్మాణాన్ని 1990లో ఫ్రాన్సులో తేల్చినారు. ఆ సంకేతాన్ని గుర్తుపట్టే గ్రాహకాలు వేరు కణాల పైపొర మీద ఉన్నవి. వాటిని కట్టించే జన్యువులను 2003లో డెన్మార్కులో పట్టుకున్నారు. గుర్తు కుదిరితే వేరు కణం లోపల కాల్షియం లయగా హెచ్చి తగ్గుతుంది. ఆ లయను చదివే జన్యువు ఒకటి, చదివినదానినిబట్టి బుడిపె కట్టడం మొదలుపెట్టించే జన్యువులు మరికొన్ని ఉన్నవి. గుర్తు కుదరకపోతే మొక్క ఆ జీవిని తెగులు తెచ్చే శత్రువుగానే చూస్తుంది.

బఠాణీ వంటి మొక్కలలో సూక్ష్మజీవి వేరు నూగు కొసనుంచి సన్నని గొట్టం గుండా లోపలికి పోతుంది. మన వేరుశనగ పద్ధతి వేరు. తల్లివేరునుంచి పిల్లవేరు చీల్చుకొని వచ్చేచోట ఏర్పడిన పగులులోనుంచి జీవులు దూరుతవి. అందుకే వేరుశనగ బుడిపెలు పిల్లవేళ్ల మొదళ్లలోనే కూర్చొని ఉంటవి. పగులే గదా, ఎవరైనా దూరవచ్చునే అనిపించవచ్చు. అట్లా కాదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో మైత్రేయీ దాస్‌గుప్తా బృందంవారు వేరుశనగ వేరులో, కాల్షియం లయను చదివే ఆ జన్యువు నోరు నొక్కి చూసినారు. ఫలితాన్ని 2009లో ప్రకటించినారు. బుడిపెలు తగ్గిపోయినవి. వచ్చిన వాటిలో కూడా జీవులు కణాలలోపల సరిగా కుదురుకోలేదు. వాకిలి పగులే అయినా లోపల గది ఇచ్చేది మొక్కేనన్నమాట.

ఇక మన చేతిలో ఉన్న పనికి వద్దాము. ఈ జీవులను మొక్క ఊరికే పోషించదు. నత్రజని పట్టినందుకు కూలిగా ఆకులు చేసిన చక్కెర ఇవ్వవలె. కిలో నత్రజనికి ఆరు కిలోలకు పైగా కర్బనం ఖర్చవుతుందని అంచనా. అందుచేత మొక్క లెక్క చూసుకుంటుంది. బుడిపెలు తగినన్ని కాగానే వేరునుంచి ఆకుకు కబురు పోతుంది, ఆకునుంచి ఇక చాలునని వేరుకు తిరుగు కబురు వస్తుంది. మట్టిలో నైట్రేటు దండిగా ఉంటే అప్పుడూ ఇంతే. 1985లో ఆస్ట్రేలియాలో సోయాచిక్కుడులో ఈ పగ్గం తెగిన మొక్కలు దొరికినవి. వేళ్లు గుత్తులు గుత్తులుగా బుడిపెలు వేసినవి, నైట్రేటు పోసినా ఆగలేదు. పంట మాత్రం విరగపండలేదు. మొక్క తిండి బుడిపెలకే సరిపోయి ఎదుగుదల తగ్గినది. బుడిపె ఎక్కువైతే పంట ఎక్కువ అనుకోవడం తప్పని దీనివల్ల తెలిసినది.

ఇసుక నేలలో వేరుశనగ వేసి, ఆకు కాస్త లేతగా కనబడగానే యూరియా చల్లే అలవాటు మనలో ఉన్నది. నీటి కింద వేసే వేరుశనగకు ఎకరాకు 12 కిలోల నత్రజని చాలునని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. యూరియా లెక్కన అది 26 కిలోలు, అంటే ఇప్పటి 45 కిలోల బస్తాలో సగానికి కొంచెం ఎక్కువ. బుడిపెలు పని అందుకునేలోగా పసిమొక్కకు పాలవలె ఉపయోగపడేది అంతే. దానిమీద మరో బస్తా వేసినారనుకోండి. మొక్క వేరు తలుపు వేసుకుంటుంది. గాలిలో ఉచితంగా దొరికేది మానుకొని బస్తాలోది తింటుంది. ఇసుకలో యూరియా నిలవదు గనుక తినగా మిగిలినది నైట్రేటుగా మారి నీటితోపాటు కిందికి దిగి దొరువులో చేరుతుంది. ఆ దొరువు నీళ్లే కొన్ని ఇళ్లలో తాగుతున్నారు. డబ్బు నష్టం ఒకటి, నీటికి చేటు ఇంకొకటి.

ఆకు లేతబారితే చల్లబోయేముందు వేరు చూడండి. విత్తిన 30, 35 రోజులకు పొలంలో నాలుగైదుచోట్ల మొక్కలను పారతో మట్టిగడ్డతో సహా తవ్వి తీయవలె. పెరికితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతవి. బక్కెట్టు నీళ్లలో మెల్లగా కడిగి, పిల్లవేళ్ల మొదళ్లు పరీక్షించండి. బుడిపెను గోటితో గాని బ్లేడుతో గాని కోయండి. లోపల మాంసపు ఎరుపు ఉంటే అది పనిచేస్తున్నదని అర్థం. మన రక్తంలో ఉన్న ఎరుపువంటి పదార్థమే అక్కడ ప్రాణవాయువును అదుపులో పెడుతుంది. నత్రజనిని విడదీసే ఎంజైముకు ప్రాణవాయువు గిట్టదు. తెల్లగా ఉంటే ఇంకా పసిదైనా కావచ్చు, పనిచేయని తెగ అయినా కావచ్చు. పచ్చగానో నల్లగానో ఉంటే దాని పని ముగిసినట్లే.

విస్తరణ సిబ్బందికి ఇక్కడ ఒక హెచ్చరిక. ఇసుక నేలల్లో నులిపురుగులు కూడా వేళ్లకు ఉబ్బులు తెస్తవి. రెండింటికీ భేదం తెలియక, పురుగు పట్టిన వేరును చూసి బుడిపెలు బాగా ఉన్నవని రైతుకు చెప్పితే కొంప మునుగుతుంది. మంచి బుడిపె వేరుకు పక్కన అతుక్కొని ఉంటుంది, గోటితో మీటితే ఊడివస్తుంది. నులిపురుగు ఉబ్బు వేరు తానే లావెక్కడం. అది ఊడదు, కోస్తే ఎరుపూ ఉండదు.

పొట్లం సంగతి కూడా కొంచెం చెప్పవలె. ఏ మొక్క గ్రాహకానికి ఏ జీవి సంకేతం కుదురుతుందన్నదానినిబట్టి పైర్లు జట్లుగా ఉన్నవి. వేరుశనగ, అలసంద, పెసర, మినుము ఒక జట్టు. శనగ ఇంకొక జట్టు. సోయాచిక్కుడు మరొకటి. శనగకని తయారుచేసిన పొట్లం మినుముకు పట్టిస్తే వట్టి బొగ్గుపొడి పూసినట్లే. జట్టులో కూడా రకాన్నిబట్టి సంబంధం కుదరడం, కుదరకపోవడం ఉన్నది. రొబట్ 33-1 అనే వేరుశనగను మనం కదిరి 3 అన్న పేరుతో ఎరుగుదుము. ఇక్రిశాట్ వారు ఎన్‌సి 92 అనే తెగ సూక్ష్మజీవిని ఆ రకానికి పట్టించి చూస్తే కొన్ని ప్రయోగాలలో దిగుబడి హెచ్చినది. అదే తెగ అన్ని రకాలకూ, అన్ని చోట్లా అట్లా కలిసిరాలేదు.

ఏటా వేరుశనగ వేసే పొలంలో ఈ జట్టు జీవులు మట్టిలో కొల్లలుగా ఉంటవి. అక్కడ పొట్లంవల్ల తేడా కనబడకపోతే ఆశ్చర్యపడవద్దు. సరుగుడు కొట్టి కొత్తగా బాగుచేసిన నేలలోను, నాలుగు నెలలు నీరు నిలిచిన వరి మడిలో మినుము, పెసర చల్లేటప్పుడును దాని అవసరం ఎక్కువ. ఎకరా విత్తనానికి 200 గ్రాముల పొట్లం. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, అందులో పొడి కలిపి గింజకు పట్టించి నీడన ఆరబెట్టి ఆనాడే విత్తవలె. వేరుశనగ పప్పును గట్టిగా రుద్దకండి, పొర ఊడుతుంది. తెగులు మందు పట్టించేదుంటే ముందు అది పట్టించి, జీవుల పొడిని చివరన కలపండి. పొట్లంమీద తేదీ చూసుకోండి. ఎండలో, ఎరువుల బస్తాల పక్కన నెలల తరబడి పడి ఉన్న పొట్లంలో జీవులు బతికి ఉండవు.

ఎడగారు వేయని మాగాణిలో జీలుగ చల్లితే వరికి ముందే కొంత నత్రజని నేలలో చేరుతుంది. కాస్త చౌడున్న కయ్యల్లో కూడా జీలుగ తట్టుకొని లేస్తుంది. పూతకు వచ్చే వేళకు కలియదున్నవలె, ఆలస్యమైతే కాడ ముదిరి తొందరగా చివకదు. జీలుగ జాతిలోనే ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు మొక్క ఒకటి వేరుకే గాక కాండానికి కూడా బుడిపెలు వేస్తుంది. మడిలో నీరు నిండి వేరు ఉక్కిరిబిక్కిరైనా పైన కాండం పని నడుపుతుంది.

కాయజాతి చెట్లన్నీ ఇట్లాగే చేస్తవా అని అడగవచ్చు. చేయవు. చింత కాయజాతిదే, తంగేడూ కాయజాతిదే, రేల కూడా. వాటి వేళ్లు తవ్వితే బుడిపెలుండవు. అటు సరుగుడు కాయజాతిదే కాదు, దానికున్నవి. సరుగుడు వేరులో ఉండేది రైజోబియం కూడా కాదు, ఫ్రాంకియా అనే పోగులవంటి వేరే జీవి. సముద్రపు ఒడ్డున వట్టి ఇసుకలో, ఎరువు ముఖం చూడకుండా ఆ తోపులు ఎదగడానికి అదొక ముఖ్య కారణం. నారు పోసేవారు పాత తోపులోని చెట్ల కిందనుంచి ఆరోగ్యమైన బుడిపెలు తెచ్చి, కడిగి, నూరి, ఆ నీళ్లు నారుమట్టిలో పోయవచ్చును.

ఆ సరుగుడు జాతి మీదనే 2008లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేసినారు. సిమ్‌ఆర్‌కె అనే జన్యువును దాని వేరులో అణచి చూస్తే ఫ్రాంకియా బుడిపెలు బాగా తగ్గిపోయినవి. అదే జన్యువు చెడిన ఒక కాయజాతి మొక్కలో సరుగుడు జన్యువును పెట్టితే ఆ మొక్క తిరిగి రైజోబియం బుడిపెలు వేసినది. చూడండి, చెట్టు వేరు, జీవి వేరు, తలుపు గడియ ఒక్కటే. మన ఒడ్డున పక్కపక్కనే ఉన్న సరుగుడుకూ చెనక్కాయకూ లోపల ఇంత చుట్టరికమున్నదని ఎవరనుకున్నారు?

మరి వరి? వరికి ఆ జన్యువులలో చాలావరకు ఉన్నవి. ఇది వింటే మీకు వింతగా ఉండవచ్చు. మొక్కలు నేలమీద మొలకెత్తిన పురాతన కాలంలోనే, 40 కోట్ల సంవత్సరాలకు పూర్వమే, వేళ్లు ఒకరకం బూజుతో పొత్తు పెట్టుకున్నవి. ఆ బూజు మట్టిలోని భాస్వరాన్ని వేరుకు తెచ్చియిస్తుంది. వరికి ఆ పొత్తు నేటికీ ఉన్నది. కాయజాతి మొక్కలు ఆ పాత తలుపునే తరువాత సూక్ష్మజీవికి కూడా తెరిచినవి. వరిలో కాల్షియం లయను చదివే జన్యువును తీసి, అది చెడిన కాయజాతి మొక్కలో పెట్టితే పనిచేసినది. కాని వరి సిమ్‌ఆర్‌కెను అట్లాగే పెట్టి చూస్తే బూజుతో పొత్తు తిరిగి కుదిరినది గాని బుడిపెలు రాలేదు. ఆ జన్యువు వరిలో పొట్టిది. ఇదీ 2008లోనే జర్మనీలో తేలినది. అంటే మన మొలగొలుకుల వేరులో కూడా తాళాలగుత్తి ఉన్నది, అందులో కొన్ని చెవులు పొట్టివి, కొన్ని లేనే లేవు.

వాటిని సరిచేయడానికి ఇంగ్లండులో, డెన్మార్కులో ఏళ్ల తరబడి పని జరుగుచున్నది. మొక్కలో శత్రువును గుర్తించే గ్రాహకానికీ, మిత్రుని గుర్తించే గ్రాహకానికీ మధ్య ముఖ్యమైన భేదం రెండు చిన్న ఇటుకలదేనని డెన్మార్కువారు 2025లో చూపినారు. బార్లీ గ్రాహకంలో కూడా అట్టి మార్పు పనిచేసినది. మెచ్చుకోవలసిన పనే. అయినా గ్రాహకం మారగానే పని పూర్తి కాదు. జీవికి గది కట్టవలె, ప్రాణవాయువును అదుపు చేయవలె, చక్కెర పంచవలె, తగిన వేళకు ఆపవలె. బుడిపెలు వేసి నత్రజని పట్టే వరి విత్తనం ఏ దుకాణంలోనూ లేదు. వరికి నేడు మనం చేయగల సాయం పొలంలో జీలుగ, పిల్లిపెసర దున్నడం, నిలిచిన నీటిలో అజొల్లా పెంచడం, పై ఎరువును విడతలుగా వేయడం.

పత్రికలో వార్త వచ్చిన మరునాడే మార్కెట్టులో సరుకు దిగడం మనం చూస్తూనే ఉన్నాము. వరికి వేరు బుడిపెలు తెప్పిస్తుందని చెప్పి ఎవరైనా పొట్లం అమ్మజూపితే డబ్బు వెంటనే ఇవ్వకండి. ఆయన తన మందు వాడిన మడికే మిమ్మల్ని తీసుకుపొమ్మనండి. నాట్లు వేసిన నెలనాటికి ఒక దుబ్బు పారతో లేపి, కాలువలో కడిగి, బుడిపె ఎక్కడున్నదో చూపమనండి. చూపితే గోటితో మీటి, కోసి, లోపల ఎరుపున్నదేమో మీరే చూడండి.